ఏడు పాటల క్యాసెట్

“గా పాట జర బందు చెయ్యే. పాట వినుకుంట చేస్తె చేతులు నిద్రపోతయ్” అంది శంకరమ్మ, తడిపిన తునికాకు కట్ట విప్పుతూ.

విమల చేతులేం నిద్రపోలేదు. పాట నడుస్తున్నప్పుడే అవి ఇంకా ఉరుకుతాయి. బీడీ ఆకు కత్తిరించడం, జర్దా పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ డప్పు దెబ్బతో పాటే పోతాయి. పాట లేనినాడు మధ్యాహ్నానికే మెడ పట్టేస్తుంది. ఈ మాట అత్తకు చెబితే “మేమంత పాటలు వినే చేసినమా?” అంటుంది. అందుకే ఏమీ అనకుండా టూ-ఇన్-వన్ క్యాసెట్ రేడియో సౌండు తగ్గించింది.

ఆ టూ-ఇన్-వన్‌ని విమల మొగుడు హనుమాన్లు దుబాయి నుంచి పంపాడు. అతను పోయి ఆరున్నరేండ్లయింది, నడుమ ఒక్కసారి రెండు నెలలు వచ్చి పోయాడు. ఉత్తరం రాసే ఓపిక లేదని క్యాసెట్లలో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళతో పంపిస్తాడు. ఆర్మూరులో ఆ వాడకట్టంతా అంతే. ఎవరింట్లో క్యాసెట్ వచ్చినా చుట్టుపక్కల ఆడవాళ్ళు చాటలు పట్టుకుని వచ్చి కూర్చుంటారు. బీడీలు చేసుకుంటూ ఒకరి మొగుడి మాటలు అందరూ వింటారు.

విమలకు పాటల పిచ్చి చిన్నప్పటిది. కానీ ఈ తొంభై రెండులో పట్టుకున్నది వేరే పిచ్చి. కార్ఖానలో బీడీలు ఇచ్చి వస్తుంటే, బస్టాండు పక్కన కాశీరాం క్యాసెట్ల దుకాణంలోంచి ఒక పాట వినిపించింది. ముందు గిటారు ఒక్కటే మోగింది, ఎవరో వాకిట్లో తిరుగుతూ తనలో తాను మాట్లాడుకున్నట్టు. తర్వాత డప్పు వచ్చింది. ఆ మీద ఒక మగగొంతు, పసుపు కొమ్ములు రాలగొట్టే ఆడవాళ్ళ పాట ఎత్తుకుంది. విమల తల్లి పాడే పాటల తీరే అది, కానీ ప్యాంటు తొడుక్కుని పట్నం నుంచి దిగినట్టుంది. నిజామాబాదు దిక్కు పిల్లలు నలుగురు కలిసి కట్టిన బృందమట. విమల దుకాణం ముందు అట్లాగే నిలబడిపోయింది. కాశీరాం నవ్వి, “ఇసొంటియి ఇంకా ఉన్నయమ్మా. చీటి రాసుకరా, నింపిస్త” అన్నాడు.

పాటల పేర్లు ఆమెకు తెలియవు. కూతురు రజిత నోటుబుక్కులోంచి కాగితం చింపి గుర్తులు రాసింది. పసుపు కొమ్ములది. లారీ నడిపేటోడు బాల్కొండ దాటంగనే బిడ్డ యాదికొచ్చి ఏడ్చేది. మాటలు లేకుండా ఉత్త కూనిరాగమే ఉన్నది. అట్లా ఏడు. అన్నిటికన్నా ఇష్టమైనది చివరన రాసింది, చివరిది చెవిలో ఎక్కువసేపు నిలుస్తుందని. అందులో కొత్తగా పెళ్ళైన పిల్ల బస్సుతో మాట్లాడుతుంది: అత్తగారి ఊరొచ్చింది, నాకు తెలుసు, అయినా జర ఆగకుండ పో అని. ఆ పాట విన్నప్పుడల్లా విమలకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేవి. తనకు అనిపించి, తనకే చెప్పుకోని మాట అది. దానికి గిటారు పెట్టి ఎవరో బజార్లో పాడుతున్నారు.

ఒక ఆదివారం కార్ఖాన నుంచి వచ్చేసరికి ఇంట్లో అందరూ టూ-ఇన్-వన్ ముందు కూర్చుని ఉన్నారు. మరిది భూమేశ్వర్ బటన్ మీద వేలు పెట్టి, “వదినా, తొందరగ రా. మాక్లూరు ఊరాయన గీ సాయంత్రమే దుబాయి పోతున్నడు. నువ్వు గూడ రెండు ముక్కలు చెప్పు” అన్నాడు. లోపల తిరుగుతున్నది కాశీరాం నింపిచ్చిన తన క్యాసెట్.

“గది నా పాటల క్యాసెట్...”

“ఖాళీది లేకుండె. పాటలే గదా, మళ్ళ నింపిచ్చుకోరాదు!”

శంకరమ్మ కళ్ళతోనే గదిమింది. విమల ముందుకు వంగి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. “అందరం మంచిగనే ఉన్నం. పైలం.” అయిదు పాటల మీద ఇంటిల్లిపాది మాటలు ఎక్కేశాయి. చివరి రెండు పాటలు అట్లాగే మిగిలి దుబాయి పోయాయి.

నెల తర్వాత అతని క్యాసెట్ వచ్చింది. వాకిట్లో ఎనిమిది మంది ఆడవాళ్ళున్నారు. అమ్మ మోకాళ్ళ నొప్పి, తమ్ముడి పని అన్నీ అడిగాక హనుమాన్లు గొంతు మారింది. “మీ మాటలు అయిపోంగనే పాటలు షురువైనయ్. రూముల పన్నెండు మందిమి వింటున్నం. బస్సు ఆగకుండ పోవాల్నంట! ‘మీ ఆమె యాడికి పోతదట్రా’ అని అందరు నవ్విండ్రు. నా ఇజ్జత్ పోయింది. నేనిక్కడ ఎండల గోడలు కడుతుంటె నువ్వు పాటలు వినుకుంట కూసుంటున్నవా? అమ్మా, గా మిషన్ దానికియ్యకు. సందుగల పెట్టి తాళమెయ్యి.”

ఎవరూ తలెత్తలేదు. పక్కింటి భాగ్యవ్వ చేతులు మాత్రం ఆగిపోయాయి. భూమేశ్వర్ సరిగా వినపడలేదన్నట్టు క్యాసెట్‌ను వెనక్కి తిప్పి ఆ ముక్కే మళ్ళీ పెట్టాడు. విమల చాటలోకి చూస్తూ బీడీ చుట్టింది.

ఎదురుగా ఉండి తిట్టినవాడికి ఒక మాట అనొచ్చు. ఏమీ అనకపోయినా ముఖం తిప్పుకోవచ్చు, అది వాడికి కనపడుతుంది. ఈ గొంతుకు కళ్ళు లేవు, చెవులు లేవు. తను ఏడ్చినా తెలియదు, లేచిపోయినా తెలియదు. తిప్పినన్నిసార్లు అంతే కోపంగా, కొత్తగా తిడుతుంది. ఎనిమిదేండ్ల కాపురంలో ఇద్దరూ ఒక్క కప్పు కింద ఉన్నది రెండేండ్లు కూడా నిండలేదు. మిగిలినదంతా ఈ గొంతుతోనే కాపురం. అందులోనూ తన వంతు నాలుగే మాటలు. అన్నిటికన్నా ‘కూసుంటున్నవా’ అన్నది ముల్లులా దిగింది. అవును, కూర్చునే ఉంది. నడుము ఏ పక్కన వంగిపోయిందో చూసుకునేందుకు కూడా లేవకుండా కూర్చుంది.

ఆ రాత్రే శంకరమ్మ మిషన్ తీసి సందుగలో పెట్టి తాళమేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం కార్ఖాన నుంచి వస్తూ భాగ్యవ్వ చెయ్యి పట్టుకుని కాశీరాం దుకాణానికి నడిచింది.

“ఖాళీ క్యాసెట్ కావాలె. మాట్లాడేటందుకు జర జాగ గూడ కావాలె.”

కాశీరాం లోపలి అర చూపించి, మిషన్ పెట్టి, తాను కౌంటరు దగ్గరికి పోయాడు. భాగ్యవ్వ గడప మీద చతికిలబడింది. “చెప్పవే. నేను గీడనే ఉంట. ఎవడన్న ఏమన్నంటె నేను జెప్త.”

ఎర్ర బటన్ నొక్కి విమల మిషన్ దగ్గరికి జరిగింది.

“రజిత నాయినా, నేను విమలను. కూసుంటున్నవా అంటివి. కూసుంటున్న. తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టి, వంట జేసి, బిడ్డను బడికి తోలి కూసుంట. దినాం వెయ్యి బీడీలు అయ్యేదాక కూసుంట. వేళ్ళ కొనలు అరిగినయ్. జర్దా ఘాటుకు దగ్గు పట్టింది, అన్నం తింటె అన్నం గూడ గదే వాసన. మీ అమ్మకు మోకాళ్ళు నొస్తె దవాఖానకు తీస్కపోయింది నేనే. గవన్ని నేనెప్పుడు చెప్పలే, నువ్వెప్పుడు అడగలే. పాట వింటె చేతులు నడుస్తయ్, గంతే. బస్సు ఆగకుండ పోవాల్నని నాకు అనిపించింది నిజం. అయినా దిగిన. దినాం దిగుతనే ఉన్న. గది నవ్వే ముచ్చట కాదు. గీ క్యాసెట్ రూముల పెట్టకు, నువ్వొక్కనివే విను.”

ఇంకా చాలా చెప్పింది. టేపు టక్కుమని ఆగేదాకా చెప్పింది. బయటికి వచ్చి కాశీరాంతో, “రెండో దిక్కు గా ఏడు పాటలు నింపు” అంది. వారం తర్వాత దుబాయి పోతున్న భాగ్యవ్వ అల్లుడి చేతికి ఆ క్యాసెట్ ఇచ్చింది.

రెండు నెలలు ఏ కబురూ లేదు. ఎట్లాగో సంగతి తెలిసిన శంకరమ్మ, “ఏం చెప్పి నా కొడుకు నోరు మూయించినవే?” అని పొద్దుకోసారి ఎత్తిపొడిచింది. విమలకు భయం లేకపోలేదు. ఒక్కోనాడు చుట్టిన బీడీ చేతిలోనే విడిపోయేది. అయినా చెప్పినది వెనక్కి తీసుకోవాలని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

మూడో నెల ఒక మధ్యాహ్నం క్యాసెట్ వచ్చింది. డబ్బా మీద ‘విమల’ అని రాసి ఉంది. వాకిట్లో ఆడవాళ్ళు జరిగి చోటిచ్చుకున్నారు. భూమేశ్వర్ చెయ్యి చాచాడు. విమల ఇవ్వలేదు.

“నా పేరు మీద వచ్చింది. ముందుగాల నేనే వింట. అత్తమ్మా, సందుగ తాళంచెవి ఇయ్యి.”

“గిదేం చోద్యమే! ఎన్నడన్న ఉన్నదా?”

“లేదు. ఇయ్యాల్టి నుంచి ఉంటది.”

భాగ్యవ్వ చాట పక్కన పెట్టి శంకరమ్మ ముఖంలోకే చూసింది. మిగతావాళ్ళూ చూశారు. శంకరమ్మ గొణుగుతూ తాళంచెవి కింద పడేసింది.

విమల మిషన్ తీసుకుని లోపలి గదిలో తలుపేసుకుంది. ముందంతా ఫ్యాను చప్పుడే. తర్వాత తిట్లు. నీకు ఇన్ని మాటలు ఎవరు నేర్పిండ్రు, నలుగురికి తెలిస్తె నా ముఖమెక్కడ పెట్టుకోవాలె అని. ఆమె కదలకుండా విన్నది. తిట్లు ఆగిపోయాయి. ఫ్యాను ఒక్కటే తిరిగింది. టేపు అయిపోయిందనుకుని చెయ్యి చాపుతుండగా, గొంతు బాగా తగ్గించి అతను అడిగాడు.

“విమలా, వెయ్యి బీడీలు చేసేటందుకు ఎన్ని గంటలు పడ్తది?”

ఆమె బటన్ నొక్కి ఆపేసింది. సంతోషమేమీ కలగలేదు. ఇంత చిన్న మాట అడగడానికి ఎనిమిదేండ్లు పట్టిందే అనుకుంది. అయినా ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగని మాట అది.

తలుపు అవతల నుంచి శంకరమ్మ కేకేసింది. “ఏమంటున్నడే? తిడుతున్నడా?”

“తిట్టిండు. ఎన్కనుంచి ఒకటడిగిండు.”

“ఏమడిగిండు?”

“నన్నడిగిండు అత్తమ్మా. నేనే చెప్పుకుంట.”