సణిగే హక్కు

పేపరు సముద్రం ఒడ్డున దార్ నగరం నుంచి బస్సులో కొండ మీది ఇరింగా ఊరు చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకని మార్కెట్ వెనక, అందరూ అమ్మా అన్నట్టు మామా అని పిలిచే తెగెమెయో టీ హోటల్లో పొద్దున్నే చదివేది ఎప్పుడూ నిన్నటి పేపరే. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ముగ్గురికీ కావలసింది వార్త కాదు, వార్త మీద అనడానికి ఒక మాట.

ఆ ముగ్గురిలో ఎమ్రిస్ వేల్స్ మనిషి. ఇరవై తొమ్మిదేళ్లు ఇక్కడి పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. స్టమాటిస్ గ్రీకువాడు, పొగాకు తోటల్లో మేనేజరుగా చేశాడు. ఆయనకి ఎడమ చెవి వినపడదు, కుడి చెవి ఇష్టమైతేనే వినపడుతుంది. మూడో మనిషి ఆగ్నెటె. ముప్పై నాలుగేళ్ల కిందట డెన్మార్క్ నుంచి నర్సుగా వచ్చి, సగం ఊరికి సూదులు పొడిచి, డెబ్బై ఒకటో ఏట కూడా సైకిలు మీదే తిరుగుతోంది. ఊళ్లో అందరికీ ఆవిడ సిస్టరమ్మ. ముగ్గురి సొంత భాషలూ మూడు దిక్కులు కాబట్టి సణుక్కోవడమంతా ఇక్కడి స్వాహిలీలోనే.

ఆ బల్లకి ఒకే ఒక్క నియమం. ఈ ఊరొచ్చి పదేళ్లు నిండనివాళ్లకి అక్కడ సణిగే హక్కు లేదు. ఆ మధ్య హాలండ్ నుంచి వచ్చిన ఇంజనీరొకాయన కుర్చీ లాక్కుని కూర్చుని, కరెంటు కోతల మీద ఏదో అనబోయాడు.

"వచ్చి ఎన్నాళ్లైంది?" అని అడిగాడు స్టమాటిస్.

"ఎనిమిది నెలలు."

"అయితే నీకింకా అన్నీ బాగుండాలి. కొండలు బాగున్నాయి, జనం మంచివాళ్లు అంటూండు. తొమ్మిదేళ్ల నాలుగు నెలలయ్యాక రా, కరెంటు సంగతి మాట్లాడుకుందాం."

ఇక జూలైలో ఆ సోమవారం సంగతి. కొండ మీంచి చలిగాలి విసురుగా కొడుతోంది. ఎమ్రిస్ కళ్లజోడు పైకి తోసుకుని చదవడం మొదలుపెట్టాడు.

"నీళ్ల శాఖవాళ్ల ప్రకటన. గురువారం నీళ్లు రావట."

"మిగతా ఆరు రోజులూ వస్తున్నాయని వాళ్లకెవరు చెప్పారు?" అంది ఆగ్నెటె.

"ఎక్కడో వంతెన ప్రారంభించారు."

"ఏ వంతెన?"

"పోయినేడు ప్రారంభించిందే. ఈసారి రిబ్బను రంగు మారింది."

"మా దేశంలో రైలు పదకొండు నిమిషాలు ఆలస్యమైతే మంత్రి టీవీలోకి వచ్చి క్షమాపణ చెబుతాడు," అంది ఆగ్నెటె.

"మరి ఇక్కడికెందుకొచ్చినట్టు?" అన్నాడు స్టమాటిస్.

"ఆ పదకొండు నిమిషాలు భరించలేక."

మామూలుగా అయితే ఈ మాటకి గల్లా దగ్గరున్న మామా తెగెమెయో పొట్ట పట్టుకుని నవ్వేది. ఆవేళ మాత్రం ఏమీ విననట్టు పిండి పిసుకుతూ ఉండిపోయింది. ఆగ్నెటె అది గమనించింది. గమనించి, సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"నా పర్మిట్ కాగితం. శుక్రవారంలోగా ఇవ్వాలట. ఈసారి కొత్తగా మా పది ఇళ్లకీ పెద్దగా ఉన్నాయన సంతకం కావాలన్నాడు గుమాస్తా."

ఎమ్రిస్ కాగితం చదివాడు. అందులో ఒకటే ప్రశ్న. ఈ మనిషి ఆ పది ఇళ్లలో నివాసియా, అతిథా? నివాసి అంటే ఉండొచ్చు. అతిథి అంటే మూడు నెలల్లో సామాను సర్దుకోవాలి.

"ఇందులో ఏముంది? ముప్పై నాలుగేళ్లు," అన్నాడు ఎమ్రిస్.

"సంతకం పెట్టాల్సింది మపుండా," అంది ఆగ్నెటె.

ఇద్దరు మగాళ్లూ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. శనివారం జరిగింది ఊరంతటికీ తెలుసు.

శనివారం కిహ్వేలె పెద్దాయన్ని కాటికి సాగనంపారు. ఆయన హెహే తెగవాడు, ఆగ్నెటెకి పక్కింటివాడు, ఆవిడ సైకిలుకి పుట్టినప్పటి నుంచీ డాక్టరు. మపుండా న్గోనీ తెగవాడు. హెహేలకీ న్గోనీలకీ తాతల నాడు యుద్ధాలు జరిగాయి. యుద్ధాలు పోయాయి, వేళాకోళం మిగిలింది. మన బావామరదుల్లాగే వాళ్లు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, అన్నవాడి మీద కోపం తెచ్చుకోకూడదు. ఆ వరసని ఉతాని అంటారు. చావింట్లో అది ఇంకా ముదురుతుంది. వరసైనవాళ్లు వంట దగ్గర నిలబడతారు, గొయ్యి తవ్విస్తారు, మధ్యలో పోయినవాణ్ణి అనుకరించి ఏడ్చేవాళ్లని నవ్విస్తారు. అది వాళ్ల పని, వాళ్ల బాధ్యత.

ఇదంతా ఆగ్నెటెకి తెలియక కాదు. బల్ల దగ్గర కొత్తవాళ్లకి ఆవిడే వివరించి చెబుతుంది. కానీ మపుండా చావింటి గుమ్మంలో పరిచిన చాప మీద అడ్డంగా పడుకుని, పోయినాయన టోపీ నెత్తిన పెట్టుకుని, "ఈ టోపీ నాకిస్తే గానీ శవపెట్టెని కదలనివ్వను" అని బిగుసుకుని, అచ్చం కిహ్వేలె దగ్గినట్టు దగ్గేసరికి ఆవిడకి ఒళ్లు తెలియలేదు. ఆ దగ్గుని ఆఖరి పదకొండు రోజులూ పక్కన కూర్చుని విన్నది ఆవిడే.

"సిగ్గు లేదా? లే అక్కణ్ణించి. కాస్త మర్యాద నేర్చుకో," అని అరిచేసింది.

అంతే. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వబోయిన కిహ్వేలె భార్య నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మపుండా లేచాడు, ప్యాంటు దులుపుకున్నాడు, టోపీ తీసి పెట్టె మీద పెట్టాడు, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత కిహ్వేలె ఒక్క వేళాకోళం కూడా లేకుండా, నా అన్నవాళ్లు లేని అనాథలా వెళ్లిపోయాడు. ఊళ్లో అందరినీ బాధపెట్టింది అదే. ఆగ్నెటెనీ అంతే.

"చక్కగా క్షమాపణ రాసుకెళ్లు. భాష నేను సరిచేస్తాను," అన్నాడు ఎమ్రిస్.

"కోడిని తీసుకెళ్లు. కోడికి భాషతో పని లేదు," అన్నాడు స్టమాటిస్.

మామా తెగెమెయో చేతులు కడుక్కుని, ఆవేళ మొదటిసారి బల్ల దగ్గరికొచ్చింది. "క్షమాపణ మాత్రం అడక్కు సిస్టరమ్మా."

"మరేం చెయ్యమంటావు?"

"అది నేను చెబితే నువ్వు చేసినట్టేం అవుతుంది?" అని ఖాళీ కప్పులు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రెండు రోజులూ ఆగ్నెటె తిరిగి వెళ్లాల్సి వస్తే ఏమిటా అనే ఆలోచించింది. కోపెన్‌హేగన్‌లో అక్క కొడుకొకడున్నాడు. ఏటా క్రిస్మస్‌కి ఒక ఫొటో పంపుతాడు, అందులో వాళ్ల కుక్క ఉంటుంది. రెండేళ్ల కిందట వెళ్లినప్పుడు లిఫ్టులో ఎక్కిన ప్రతివాళ్లనీ ఇక్కడి అలవాటు కొద్దీ ఇంటిల్లిపాది క్షేమమూ అడిగింది. మూడో రోజుకల్లా ఆవిణ్ణి చూసి జనం మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. అక్కడ సణగడానికి కూడా ఏమీ లేదు. అన్నీ పనిచేస్తాయి. ఆ ఊళ్లో ముసలిదై పోవడం తలుచుకుంటే ఆవిడకి నిజంగానే భయమేసింది.

బుధవారం నాలుగింటికి మపుండా పెరట్లో అవకాడో చెట్టు నీడన పది ఇళ్లవాళ్లూ కూర్చున్నారు. మామా తెగెమెయో హోటలు మూసి వచ్చింది. ఎమ్రిస్, స్టమాటిస్ వెనక బెంచీ మీద సర్దుకున్నారు. పలకరింపులే పావుగంట పట్టాయి. పిల్లలెలా ఉన్నారు, మొక్కజొన్న ఎలా ఉంది, మేకలెలా ఉన్నాయి, చలి ఎలా ఉంది. అంతా అయ్యాక ఆగ్నెటె లేచి నిలబడి క్షమాపణ చదివింది. మామా తెగెమెయో చెప్పిన మాట గుర్తులేక కాదు, ఇంకేం చెయ్యాలో తోచక.

కాగితం బాగానే ఉంది. తప్పు ఒప్పుకుంది, పెద్దల ఆచారాన్ని గౌరవిస్తానంది, మన్నించమంది. చదివే కొద్దీ ఎదుట మొహాలు వాడిపోయాయి. మామా తెగెమెయో తల కొట్టుకుంది.

మపుండా గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ గారు చక్కగా చెప్పారు."

ఇన్నేళ్లలో ఆయన నోట ఆగ్నెటె ఎప్పుడూ సిస్టరమ్మే, మేడమ్ కాలేదు.

"మేడమ్ గారి మీద మాకు కోపం లేదు," అన్నాడు మపుండా. "అతిథి పొరపాటు చేస్తే ఎవరైనా కోప్పడతారా? కుర్చీ వేస్తాం, టీ ఇస్తాం. చావింట్లో మా వరసలు అతిథికెలా తెలుస్తాయి? అదే రాస్తాను. నాకు అబద్ధం రాయడం చేతకాదు." కలం తీసి, ఆవిడిచ్చిన పర్మిట్ కాగితాన్ని మోకాలి మీద సరిగ్గా పెట్టుకున్నాడు.

"అతిథినా?" అంది ఆగ్నెటె.

చదివిన క్షమాపణని మడిచి సంచిలో పెట్టేసుకుంది.

"అతిథిని ఎక్కడైనా పదకొండేళ్లుగా కారే పైపు పక్కన ఉంచుతారా మపుండా? నువ్వు ఈ పది ఇళ్లకీ పెద్దవైన రోజు ఏమన్నావు? వారంలో బాగుచేయిస్తానన్నావు. అప్పుడు నీ నెత్తి మీద జుట్టుండేది. జుట్టు మొత్తం ఊడిపోయింది, పైపు మాత్రం అలాగే ఉంది."

వెనక బెంచీలో ఎవరో దగ్గారు. నవ్వు ఆపుకోవడానికి దగ్గిన దగ్గది.

"ఇంకొకటి విను. నీకు కిహ్వేలెలా దగ్గడం రాదు. చావింటికి వచ్చి నటించేవాడు ముందు నేర్చుకుని రావాలి. ఆయన మూడుసార్లు దగ్గి, నాలుగోసారికి దగ్గునే తిట్టేవాడు. నువ్వు మూడు దగ్గులు దగ్గి ఊరుకున్నావు. తిట్టు ఏదీ? పదకొండు రోజులు విన్నాను నేను. ఆ తిట్టు కోసం కాచుకుని కూర్చునేదాన్ని. తిట్టాడంటే ఇంకా ప్రాణముందని. నువ్వా తిట్టు తిట్టి ఉంటే నేను అరిచేదాన్నే కాదు."

ముందు నవ్వింది కిహ్వేలె భార్య. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నిజమే. తిట్టు మర్చిపోయాడు," అంది. తర్వాత కొంగు తీసేసి, మూడుసార్లు దగ్గి, ఆ తిట్టేదో తనే తిట్టి చూపించింది. అచ్చం ఆయనే. పెరడంతా పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ కళ్లు తుడుచుకుంది, పక్కవాళ్లూ తుడుచుకున్నారు. శనివారం కిహ్వేలెకి దక్కనిది అప్పుడు దక్కింది.

మపుండా మాత్రం మొహం గంభీరంగానే పెట్టుకున్నాడు. "పైపు మాట ఎత్తింది చూశారా? అతిథైతే పైపు చాలా బాగుందనేది."

"అదే నేనూ చెప్పేది," అన్నాడు వెనక నుంచి స్టమాటిస్. ఆవేళ ఆయన కుడి చెవికి అన్నీ వినపడుతున్నాయి.

"బాగానే ఉంది పెద్దాయనా, కానీ వరస యుద్ధం చేసినవాళ్లతోనే కదా కలిసేది?" అంది మామా తెగెమెయో ఏమీ ఎరగనట్టు. "వీళ్ల జాతి మనతో ఏ యుద్ధం చేసింది?"

"ఎందుకు చెయ్యలేదు?" అన్నాడు మపుండా. "ముప్పై నాలుగేళ్లు సూది పట్టుకుని ఈవిడ మన పిల్లల వెంట పడలేదా? మా పెద్దాడు ఈవిడ సైకిలు గంట వింటే ఇప్పటికీ చెట్టెక్కుతాడు. వాడికి నలభై దాటాయి. ఇంతకన్నా పెద్ద యుద్ధం మా తాతలు కూడా చెయ్యలేదు. చేపని పచ్చిగా ఊరేసి తిని, దాన్ని భోజనమనుకునే జాతి నాకు మర్యాద నేర్పుతుందా?"

"పచ్చి చేప తిన్నా మాకు పళ్లున్నాయి. నీకేవీ?" అంది ఆగ్నెటె.

"అదీ," అన్నాడు మపుండా తృప్తిగా. కాగితం మీద అతిథి అన్న మాటని రెండు గీతలతో కొట్టేసి, నివాసి అన్న దాని కింద ఇంకో రెండు గీతలు గీసి, సంతకం పెట్టి చేతికిచ్చాడు. ఆవిడ తీసుకోబోతే కాగితం వదల్లేదు. గొంతు తగ్గించి, అప్పుడు మాత్రం నవ్వకుండా అన్నాడు. "ఒకటి చెబుతున్నాను సిస్టరమ్మా, విను. నువ్వు పోయిన రోజు నీ చాప మీద అడ్డంగా పడుకునేది నేనే. ఊరికే లేస్తాననుకోకు."

ఆ రోజు గుమ్మంలో ఎవరుంటారా అని ఆగ్నెటె చాలాసార్లు ఆలోచించింది. ఎవరికీ చెప్పలేదు.

"ఏమిస్తే లేస్తావు?" అంది చివరికి.

"నీ రేడియో."

"పాతది. నీలాగే. కొట్టకపోతే పలకదు."

"నువ్వు పోయాక ఎలాగూ దాన్ని కొట్టేవాళ్లుండరు. నేను కొట్టుకుంటాను."

ఆగ్నెటె ఇంటికొచ్చి సైకిలు గోడకి ఆనించింది. లోపల కుళాయి తిప్పితే రెండు చుక్కలు రాలి ఆగిపోయింది. గురువారమన్నారు, ఇవాళింకా బుధవారమే కదా అని సణుక్కుంది. తర్వాత కుర్చీలో కూర్చుని, ఎమ్రిస్ సరిచేసిన క్షమాపణ కాగితాన్ని తిరగేసి, వెనక పెద్ద అక్షరాలతో రాసింది.

'ఈ రేడియో మపుండాకి. చాప మీద కనీసం గంట పడుకోబెట్టాకే ఇవ్వండి. మూడు దగ్గుల తర్వాత ఏం తిట్టాలో కిహ్వేలె భార్యకి తెలుసు. అది సరిగ్గా తిడితేనే ఇవ్వండి.'

చదువుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రేడియో పిడికి దారంతో గట్టిగా కట్టింది.