పట్టుపురి వల

పాళెగాండ్ర కాలమున హేమంతారంభవేళ జొన్నకంకులు పాలుపట్టుచుండగా గద్దలకొండ దిగువ చేలలో వరాహయూథములు రాత్రి మేసి ఉదయమునకు పొదలు చేరుచుండెను. మంచు విడువకమున్నే పల్లెలోని బోయలు వలలు భుజములకెత్తుకొని కొండవాలు నెక్కుటయు డప్పులవారు దిగువనుండి మృగములను తరుముటయు తరుమబడిన మృగము కనుమలో గట్టిన వలయందు బడుటయు ఆ ఋతువున ఆ సీమకు పరిపాటి. "వల మోసినవానిదే తల" యనునది వారి కట్టడి. ఎవని వలలో పంది పడినను ఆ వలను కొండమీదికి మోసినవానికే దాని తల చెందును. ఆ తలనుబట్టియే వేటగాండ్రలో వాని స్థానము నిలుచును.

వారిలో గాదిలింగన్న యౌవనమునుండియు తన జనుపవలను తానే మోసెను. గతవత్సరము వరాహదంష్ట్రాఘాతమున కుడిభుజము చెడిన పిమ్మట ఆ వల యతనికి మోయరాని బరువయ్యెను. మేనల్లుడగు ఈరన్న దానిని మోసి తలను గొనిపోయెను. ఇంకొక యేడు అట్లే జరిగినచో గాదిలింగన్న డప్పులవారితో దిగువ నిలువవలసినదే. అందువలన నతడు పొరుగూరి సాలెవానిచేత పట్టునూలు పురిపెట్టించి వల యొకటి యల్లించుకొని దానికి మాఱుగా ఇంటనున్న ఒక్కగానొక్క పాడిగేదెను ఇచ్చివేసెను. ఆ వల యొకచేత నెత్తదగినంత తేలికగ నుండెను.

భార్యయగు మారెక్క కొట్టమువంక జూచి పిదప వలవంక జూచెను.

"ఇది పాలిస్తాదా ఏమయ్యా?"

"పందిని ఇస్తాదిలేవే."

"ఇయ్యకపోతే నిన్ను పట్టి పిండుతా."

మఱునాటి ఉదయమున కనుమలో ఈరన్న ఆ వలను వ్రేలితో మీటి "ఏం మామా, సాలెపురుగుతో పొత్తు పెట్టుకొంటివా? దీంట్లో ఈగలు పడతాయిలే" అనెను. గాదిలింగన్న వలను పంగకొయ్యలపై వ్రేలాడదీసి క్రిందియంచును నేలపై విడిచి పొదచాటున కూర్చుండెను. జనుపవలకు దాని బరువే మేకు. ఆ యంచును నేలకు బిగించుట యన నేమో వారిలో నెవ్వడును ఎఱుగడు. ఆ యలవాటే యతనికి హాని చేసెను. డప్పులు మ్రోగ ఒంటరి మగపంది యగు ఏకలమొకటి పొద చీల్చుకొని కనుమలోనికి వచ్చునంతలో కొండగాలి వీచి పట్టువల యంచును చీరకుచ్చెళ్లవలె పైకెత్తెను. ఏకలము ఆ సందున దూరి పోయెను.

నవ్వులు కనుమ నిండెను. "బర్రె పాయె, పంది పాయె" అని యొకడు రాగము దీసెను. ఈరన్న మాత్రము నవ్వు మాని దగ్గఱకు వచ్చి "అంచుకు రాళ్లు కట్టాల మామా. కడితే నీ పాతవలంత బరువైతాది. ఇంకేం లాభం? పోయి బర్రెను తోలుకొచ్చుకో" అనెను.

ఆ మాట సత్యముగనే తోచెను. మారెక్కకు ఏమని చెప్పుదునని తల వంచుకొన్న గాదిలింగన్న చూపు కాళ్లకడనున్న రాతిపై బడెను. దాని ప్రక్కన వేఱొకటి యుండెను. వాలుపొడవున నవియే పడియుండెను. అతడు మెల్లగ నవ్వెను.

"ఒరే ఈరన్నా, రాళ్లు ఈడనే ఉండాయి గదరా. వాటిని మోసేదెవడు?"

ఈరన్న వంగి తానే యొక రాతినెత్తి తెచ్చెను.

"రాయి ముట్టుకో. వల ముట్టుకోవద్దు, తల నాది."

"రాళ్లు మోసినోనికి ఏమిస్తావు మామా?"

"తోక."

అపరాహ్ణమున డప్పులు మరల మ్రోగెను. గాలి వీచెను గాని రాళ్లక్రింది యంచు కదలలేదు. వేఱొక యేకలము వచ్చి వలను దాకి దానిని మీదికి లాగికొని పొరలి కాళ్లు చిక్కుపడి కూలెను. పురి యొక్కటియు తెగలేదు. బల్లెములవారు పని ముగించిరి.

ప్రొద్దు వాలువేళ గాదిలింగన్న తలను ఎడమభుజమునను వలను దానిమీదను వేసికొని దిగివచ్చెను. మారెక్క పందితలను జూడక వాని ముఖము జూచి "అలిసినావా?" అని యడిగెను. వేటనుండి వచ్చినపుడెల్ల ఆమె యదియే యడుగుటయు అతడు లేదని బొంకుటయు ఆ యింట వాడుక.

"లేదు" అనెను. ఈసారి యది బొంకు కాదు.

ఆమె పాలులేని జొన్నయంబలి పోసి యిచ్చెను. అతడు త్రాగుచు "రేపు ఆ అవతలి కొండకు పోదామనుకొంటాండా" అనెను. జనుపవలతో అతడెన్నడును ఆ కొండ నెక్కలేదు.

"పో. ఆ కొండవతల ఊళ్లో బర్రెదూడలు దొరుకుతాయంట. పంది పడితే నీ వంతిచ్చి ఒకటి తోలుకరా."

బరువు దించుకొనుటకై మనుజుడిచ్చిన మూల్యము తగునో తగదో దించిననాడు తెలియదు. పిమ్మట అతడు నడచిన దారి దానిని తెలుపును. తెల్లవాఱుసరికి గాదిలింగన్న పొలిమేర దాటియుండెను.