రెండో బండ

దేశం కాని దేశంలో, పాపకూర అనే ఊళ్లో మేముండే ఇంటి వెనక గోడకి ఆనించి రెండు గ్యాస్ బాటిళ్లు ఉండేవి, ఒక్కోటి నా ఛాతీ ఎత్తున. ఒకటి అయిపోతే మీట తిప్పి రెండోది వాడుకుంటూ, ఈలోగా ఖాళీది మార్పించుకోవాలి. ఇల్లు రాజేశ్వరమ్మ ఆంటీది. ముందు గదుల్లో ఆవిడ, వెనక గదుల్లో నేనూ, గోడౌన్‌లో పనిచేసే జనార్దనూ. చదువుకున్న పిల్లనని బిల్లులు చూసే పని నాకిచ్చారు. ఆగస్టులో నేను రెండో బాటిల్ వెనక్కి పంపించేశాను. వాడని దానికి అద్దె దేనికనిపించింది.

అప్పట్లో నా మాస్టర్స్ థీసిస్ కూడా గ్యాస్ మీదే. యూరప్ అంచున లిథువేనియా అని చిన్న దేశం. గ్యాసంతా రష్యా నుంచి ఒకే ఒక్క పైపులో రావాలి. ధర వాళ్లు చెప్పిందే. అందుకని ఆ దేశం సముద్రం మీదుగా వేరే దేశాల గ్యాస్ దింపుకోవడానికి, రేవులోనే నిలిపి ఉంచే ఒక పెద్ద ఓడను అద్దెకు తెచ్చుకుంటోంది. అది తెలివైన పనా, దండగా? ఇదీ నా ప్రశ్న. దండగ అని రాశాను. మా గైడు గ్రాహం గారు ఐదేళ్ల కింద ఒక వ్యాసంలో అలాగే రాశారు మరి. చిన్న దేశాలకు అలాంటివి సగం కూడా వాడకానికి రావని ఆయన లెక్క.

అధ్యాయం తిరిగొచ్చింది. చివరి పేజీ అంచున ఒక్క ముక్క: "ఇది నా మాట. నీ మాట ఏది?"

బుధవారం కమిటీ ముందు మాట్లాడాలి. వాళ్లు ఒప్పుకోకపోతే డిప్లొమాతో సరిపెట్టుకుని ఆగిపోవాలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. గురువు చెప్పింది తప్పకుండా రాస్తే మార్కులొస్తాయని నమ్మి అంతవరకూ వచ్చాను. నా మాట కావాలని అడిగినవాళ్లు ఎవరూ లేరు.

శనివారం పొద్దున బాత్‌రూమ్‌లోంచి ఆంటీ కేక.

"హేమశ్రీ! నీళ్లు ఐసుగడ్డల్లా ఉన్నాయేమే!"

గ్యాస్ అయిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే రికార్డింగు వచ్చింది. ఇక్కడ అక్టోబరులో వచ్చే లేబర్ డే సెలవు సోమవారం కలిసింది కాబట్టి మంగళవారం దాకా బండి రాదు.

జనార్దన్ గుమ్మంలో నిలబడి నవ్వాడు. "యూరప్ మొత్తం గ్యాస్ గురించి రాస్తున్నవ్. మన పొయ్యిల గ్యాస్ లేదు. ఇది గూడ రాయి నీ పుస్తకంల."

"ఊరుకోవయ్యా, పిల్ల మొహం చూడు," అని ఆంటీ నా వైపు తిరిగింది. "అయినా రెండోది పంపేయమని ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదాంటీ. వాడట్లేదు కదా అని..."

"వాడకపోతే మాత్రం? ఉండాలి కదటే!"

మూడు రోజులూ రైస్ కుక్కర్ అన్నం, మైక్రోవేవ్ పప్పు. కెటిల్‌తో నీళ్లు కాచి బకెట్లో పోసుకున్నాం.

సోమవారం సాయంత్రం అన్నం తింటూ లాప్‌టాప్‌లో చూస్తున్నాను. ఆ ఓడ లిథువేనియాలో క్లైపేడా రేవులోకి వస్తోంది. అక్కడ ఇంకా ఉదయం. ఒడ్డు నిండా జనం, జెండాలు. ఓడ పేరు ఇండిపెండెన్స్.

జనార్దన్ తొంగి చూశాడు. "అమ్మో, ఎంత పెద్దగుందో! అంతా వాడతరా?"

"సగం కూడా వాడరేమో."

"మరి ఎందుకు తెచ్చుకున్నరు?"

దండగ అనబోయి ఆగాను. ఆదోనిలో మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ లక్ష్మీబాయి ఇంటి ముందు ఇడ్లీలు వేసేది. అప్పుడు మాకు ఒకటే బండ. గ్యాస్ అబ్బాయి రాకపోతే ఆ పూట అమ్మకం లేదు. అందుకని అతనొస్తే చాలు, కుర్చీ వేసి, మొదటి వాయి ఇడ్లీలు అతనికే పెట్టేది. అతను వంక పెట్టినా నవ్వేది. నేను ఏడో తరగతిలో ఉండగా రెండో బండ వచ్చింది. నిండుగా మూలన పెట్టి, దాని మీద గుడ్డ కప్పింది. ఆ తర్వాతిసారి అతను, "రేపు తెస్తాలేమ్మా, ఇయ్యాల పనుంది," అంటే అమ్మ పిండి కలుపుతూ తలైనా ఎత్తలేదు. "ఎప్పుడైనా తే నాయనా, తొందరేం లేదు," అంది. అతను ఆ సాయంత్రమే తెచ్చాడు.

కంచం పక్కన పెట్టి ధరల పట్టిక తెరిచాను. రష్యా లిథువేనియాకి గ్యాస్ ధర తగ్గించింది ఆ ఏడాది మే నెలలో. ఓడ రావాల్సింది అక్టోబరులో. అంటే ఒక్క బొట్టు వాడకముందే. ఈ తేదీలు రెండూ నా అధ్యాయంలోనే ఉన్నాయి, వేరువేరు పేజీల్లో. నేనే పక్కపక్కన పెట్టి చూడలేదు. చివరి నాలుగు పేజీలూ కొట్టేసి మళ్లీ రాయడం మొదలుపెట్టాను.

బుధవారం కమిటీ గదిలో గ్రాహం గారు మధ్యలో కూర్చున్నారు.

"సర్, మీ వ్యాసంలో... ఓడను ఎంత వాడతారన్నదే లెక్క వేశారు. అది సరిపోదని నా అభిప్రాయం."

ఆయన కళ్లజోడు తీశారు.

"ఎందుకు సరిపోదు?"

రెండు తేదీలూ చూపించాను. పక్కనున్న మేడమ్, "ధర తగ్గడానికి ఇంకేవైనా కారణాలు ఉండొచ్చుగా?" అన్నారు. ఉండొచ్చని ఒప్పుకున్నాను. నాకు తెలిసినవి రెండు చెప్పాను కూడా. చేతిలో రెండో దారి ఉన్నవాడితో బేరం ఎలా మారుతుందో మాత్రం చూశానని, అమ్మ సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఇది ఇక్కడ చెప్పే మాటేనా అని భయమే.

గ్రాహం గారు ధరల పట్టిక తన ముందుకు లాక్కున్నారు. "నేను రాసినప్పుడు ఈ బేరం ఇంకా జరగలేదు," అన్నారు. తర్వాత, "జరక్కపోయినా నేను ఆలోచించాల్సింది," అన్నారు.

నన్ను బయట కూర్చోబెట్టి పది నిమిషాల తర్వాత పిలిచారు. ఒప్పుకున్నారు. మేడమ్ అడిగిన ఆ మిగతా కారణాల మీద మరో పది పేజీలు రాయాలట. రాస్తానన్నాను.

ఇంటికొచ్చేసరికి గోడ దగ్గర రెండు బాటిళ్లూ ఉన్నాయి. ఆంటీ రెండింటినీ వేలి కణుపుతో తట్టి చూస్తోంది.

గ్రాహం గారికి మెయిల్ రాయడానికి కూర్చున్నాను. నన్ను పేరుతోనే పిలువు అని ఆయన ఏడాదిగా చెబుతున్నారు. గ్రాహం అని టైపు చేశాను. కాసేపు దాని వంక చూసి, పక్కన సర్ చేర్చాను.