ఇబ్బంది లేదు

చొక్కా గుండీలు పెట్టడం మూడు వారాలుగా వెర్నా పొద్దుటి పనుల్లో చేరింది. భర్త కర్టిస్ గడ్డం పైకెత్తి నిలబడతాడు. ఆమె ఆరు గుండీలూ పెడుతుంది. "తొందరగా కానివ్వు, టెస్సా ఎదురుచూస్తుంటుంది" అన్నాడు ఆ మంగళవారం.

టెస్సా డులూత్ ఊళ్లోని ఆసుపత్రిలో నర్సు. మార్చిలో కర్టిస్‌కు రక్త క్యాన్సర్ అని తేలింది. మామూలుగా ఇచ్చే మూడు మందులకు నాలుగోది కలిపితే ఎక్కువ మేలా అని అక్కడ పరీక్షిస్తున్నారు. కర్టిస్ అందులో చేరాడు. వారం వారం టెస్సా అతని ఎదురుగా కుర్చీ వేసుకుని ఫారంలోని ప్రశ్నలు చదువుతుంది. నిద్ర పట్టిందా? అలసటగా ఉందా? మనసు దిగులుగా ఉందా?

ఆ ప్రశ్నలు వింటుంటే వెర్నాకు కడుపు మండేది. ఇంట్లో ఊ, ఆ తప్ప పలకని మనిషి ఆ అమ్మాయి దగ్గర నోరు విప్పితే ఆపడు. చిన్నప్పుడు గడ్డకట్టిన చెరువు మీద తండ్రితో చేపలు పట్టిన సంగతి ఇన్నేళ్ల కాపురంలో వెర్నా మొదటిసారి ఆ గదిలోనే విన్నది. మంట టెస్సా మీదే అనుకుంది కొన్నాళ్లు. కాదు, కర్టిస్ మీద కూడా. తనకు గర్భసంచి తీసినప్పుడు అత్తగారు అడిగింది ఒక్కటే: "మరి వాడి భోజనం సంగతేంటి?" అలసటగా ఉందా అని ఎవరూ అడగలేదు. ఇతన్ని వారానికోసారి అడుగుతున్నారు, పైగా రాసుకుంటున్నారు. గుండీల సంగతి అందుకే చెప్పలేదామె. అన్నీ తెలిసిన టెస్సానే కనిపెట్టనీ అనుకుంది.

"గుండీలు పెట్టుకోవడంలో ఇబ్బంది?" ఆ రోజు ఫారం చూస్తూ టెస్సా అడిగింది.

"ఏమీ లేదు తల్లీ."

"ఇంటి పనుల్లో?"

"అస్సలు లేదు."

"బంగారంలాంటి పేషెంటు మీరు. మిగతావాళ్లంతా వేళ్లు మొద్దుబారాయంటున్నారు. అది కనిపెట్టకుండా మందు ఇస్తూపోతే కొందరికి స్పర్శ ఇక తిరిగి రాదు. మీకైతే ఇదే మోతాదు ఇవ్వొచ్చు."

వెర్నా కర్టిస్ చేతుల వైపు చూసింది. అతను అబద్ధమాడలేదు. గుండీలు ఆమె పెడుతోంది. ఇంటి పని ఎప్పుడూ ఆమెదే. ఇక అతనికి ఇబ్బంది ఎక్కడిది?

"ఆయన గుండీ పట్టుకోలేడు" అంది. "మూడు వారాలైంది. తెలిసీ నేను చెప్పలేదు."

"ఇప్పుడెందుకే అదంతా!" కర్టిస్ కసిరాడు. "నువ్వు పెడుతున్నావు కదా, ఇబ్బందేముంది?"

టెస్సా అతన్ని ఒక గుండీ విప్పి మళ్లీ పెట్టుకోమంది. మూడుసార్లు వేళ్లలోంచి జారింది. ఆమె డాక్టరుకు ఫోన్ చేసి ఆ రోజు ఇంజెక్షన్ ఆపించింది. ఆ తర్వాత కుర్చీ వెర్నా వైపు తిప్పుకుంది.

"ఇంటి పనుల ప్రశ్నకు జవాబు మీరు చెప్పండమ్మా. గడిచిన వారం సంగతి చాలు."

కర్టిస్ నవ్వాడు. "ఆవిడకేం ఇబ్బంది తల్లీ, ఇంట్లోనే ఉంటుంది కదా."

వెర్నా చేతిసంచీ కింద పెట్టింది. నలభై ఒక్క ఏళ్ల కిందట, పెళ్లయిన మర్నాటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.