జకరయ్య జేబులో ఫీజులు

సోలార్ పెట్టించిన వారానికే రొయ్యల రైతు దరియావలి తన డీజిల్ జనరేటర్ అమ్మేశాడు. ఎండకు కరువులేని సముద్రపు ఊళ్ళో పొగ ఎందుకన్నాడు. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని, లైను మీద పనిచేసేవాళ్ళ ప్రాణం కోసమే అలా అమర్చారని బిగించినవాళ్ళు చెప్పనే చెప్పారు. అతని చెవికెక్కలేదు. తీరా మొదటిసారి కరెంటు పోయినప్పుడు, నెత్తిన ఎండ మండుతుండగానే రొయ్యల గుంటలో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని దరియావలికి ఒళ్ళు మండింది. నెల్లూరు నుంచి ఒక మెకానిక్‌ను తెచ్చి, బ్యాటరీ తగిలించి, కరెంటు లేకపోయినా సోలార్ నడిచేలా దొంగదారి పెట్టించుకున్నాడు. మన కరెంటు ఊరి లైనులోకి పోకుండా మరో స్విచ్ కూడా పెట్టాలని మెకానిక్ అంటే, తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

అంతకు ముందు రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయాయి. ఈ మూడో పంట ఎదిగి పట్టుబడికి వచ్చింది. అది కూడా పోతే గుంట వదులుకోవాల్సిందేనని దరియావలికీ తెలుసు, అతని భార్య షాహిదాబీకీ తెలుసు. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. నీళ్ళ రంగు తిరిగి, రొయ్యకు ఊపిరి ఆడటం కష్టమైంది. పొద్దున ముసురు విడిచి ఎండ కాసింది గాని, సముద్రపు గాలికి వీధి చివర తీగ తెగి ఊరంతా కరెంటు పోయింది.

దరియావలి పరుగున వెళ్ళి బ్యాటరీ స్విచ్ వేశాడు. ఏరేటర్లు తిరిగాయి. అదే క్షణంలో పక్క గుంట మాలకొండయ్య షెడ్డులో బల్బు వెలిగింది. మాలకొండయ్య ఇంకా గట్టు మీదే ఉన్నాడు, జనరేటర్ దగ్గరికి చేరనేలేదు. ఆ వెలుగు మొగుడూ పెళ్ళాలిద్దరూ చూశారు. తమ కరెంటే లైనులోకి పోతోందని షాహిదాబీకి అర్థమైంది. దరియావలి చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

లైన్‌మన్ జకరయ్యకు ఒక పద్ధతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజులు పీకి చొక్కా జేబులో వేసుకుంటే తప్ప స్తంభం ఎక్కడు. ఫీజులు నా జేబులో ఉంటే నా ప్రాణం నా జేబులో ఉన్నట్టేనంటాడు. ఆ రోజూ పీకి వేసుకున్నాడు. అయినా టెస్టర్ పెడితే తీగలో కరెంటు ఉంది. ఎవరి జనరేటర్ కరెంటు లైనులోకి తంతుందోనని గుంటగుంటకూ తిరిగాడు. అతను రావడం చూసి దరియావలి స్విచ్ ఆపేశాడు.

"మాది సోలార్ జకరయ్యా. కరెంటు పోతే అదే ఆగిపోద్ది. చూడు, ఏరేటర్లు తిరగతన్నాయా?" అన్నాడు.

జకరయ్య చూశాడు, నమ్మాడు. మళ్ళీ టెస్టర్ పెడితే ఈసారి వెలగలేదు. నిచ్చెన తీసుకుని స్తంభం వైపు నడిచాడు. షాహిదాబీ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

కాసేపటికే రొయ్యలు గట్టు వారకు చేరి పైకి తేలసాగాయి. దరియావలి తల పట్టుకున్నాడు. స్విచ్ పక్కనున్న భార్యతో అన్నాడు.

"వెయ్యి. వాడు ఎక్కి దిగేసరికి ఒక్క రొయ్య మిగల్దు. ఆ కరెంటు మాలకొండయ్య జనరేటర్‌ది, మనది కాదు."

"మనదే. మీరూ చూసినారు, నేనూ చూసినాను," అంది షాహిదాబీ.

బ్యాటరీ బోర్డులోంచి ఫీజు పీకి, కొంగులో చుట్టుకుని గట్టు వెంట పరుగెత్తింది. వెనక నుంచి మొగుడు పిలుస్తున్నా ఆగలేదు. జకరయ్య అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఫీజు అతని చేతిలో పెట్టి, బ్యాటరీ సంగతంతా చెప్పేసింది. జకరయ్య నిచ్చెన మీది కాలు దించాడు. ఆ ఫీజును కూడా జేబులో వేసుకున్నాడు.

"ఈ సంగతి కరెంటాఫీసులో ఏఈ గారికి చెప్పక తప్పదక్కా. నేను నోరు మూసుకుంటే రేపు ఇంకొకడు తెలీక ఎక్కతాడు."

"చెప్పు," అంది.

తీగ కలిపి అతను దిగేసరికి గుంట నిండా రొయ్యలు తెల్లగా తేలాయి. కరెంటు వచ్చి ఏరేటర్లు తిరిగితే, ఆ చచ్చిన రొయ్యలే నురగలో ఎగిరెగిరి పడ్డాయి. కుళ్ళకముందే తీసేయాలని దరియావలి వలతో దిగాడు. షాహిదాబీ చీర ఎగదోపుకుని గంపతో వెనకే దిగింది. గంప రెండుసార్లు నిండింది. చివరికి అతను వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"పంటంతా పోగొట్టుకోడానికి ఆ జకరయ్య ఏమన్నా నీ తమ్ముడా?"

"తమ్ముడయ్యుంటే ఎక్కొద్దని మీరే చెప్పుండేవాళ్ళు," అంది షాహిదాబీ.

దరియావలి చేతిలో వల నీళ్ళలోనే ఉండిపోయింది.