దజీజ్ నుంచి జాబ్రియాకు పెండ్లి గుర్రం

ఆ ఏడు ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినాక బ్యాంకులు మూతపడినాయి, విమానాలు ఆగిపోయినాయి, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీళ్లు సగంమంది కనపడకుండా పోయినారు. మూతపడనిది ఒక్క హుస్సేన్ పీరా నోరే.

పీరాది రాయచోటి. ఇరవై రెండేండ్లవాడు. దజీజ్‌లో గోడౌన్ల వెనకాల వాళ్ల కఫీల్ గుర్రాల సాలలో పని. ఆ గోడౌన్లలో ఒకదాంట్లో జగిత్యాల దిక్కు నుంచి వచ్చినోళ్లు పదిమంది దాకా ఉండేవాళ్లు. అది పరదా గుడ్డల గోడౌను. యజమాని పారిపోయినాడు, పని లేదు, అమ్మాన్ పోయే బస్సు కోసం ఎదురుచూస్తా పండుకునేది. వాళ్ల దగ్గరికి పీరా రోజూ పోయి కబుర్లు చెప్పేవాడు. వాళ్ల నాయనకు నలభై గుర్రాలంట. అందులో ఒకదానికి ఇంగ్లీషు వస్తాదంట, కానీ పొగరు, తెలుగోళ్లతో మాట్లాడదంట. ఇవన్నీ మొహంలో ఒక్క గీత కదలకుండా చెప్పేవాడు. పీరా చుక్క తాగేవాడు కాదు. తాగకుండానే ఇన్ని చెప్పేటోనికి తాగుడెందుకని ఆ జగిత్యాలోళ్లలో లింగం అనేవాడు.

ఆ సోమవారం మాత్రం పీరా కబుర్లు చెప్పలేదు. పొద్దున సైన్యం లారీ వచ్చి సాలలో గుర్రాలన్నిట్నీ ఎక్కించుకుని పోయింది. ఒక్కటే మిగిలింది, గజాలా. లారీలో చోటు చాల్లేదు. "శుక్రవారం వచ్చి దీన్ని తీసుకుపోతాం, మేత పెట్టి ఉంచు" అని చెప్పి పోయినారు.

గజాలా మామూలు గుర్రం కాదు. పాల నురుగు తెలుపు, చిన్న మూతి, పెద్ద కండ్లు. ఏడు తరాల దాకా దాని అమ్మమ్మల పేర్లు కఫీల్ ఇంట్లో నోటికి చెప్తారు. ఎండాకాలం లండన్ పోతా కఫీల్ దాని కళ్లెం పీరా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గర అమానత్" అన్నాడు. నమ్మి అప్పజెప్పిన వస్తువు. మిగతా గుర్రాల గురించి ఆ మాట అనలేదు. అబద్ధాలు వెయ్యి ఆడొచ్చు, అమానత్ పోగొట్టుకుంటే మాత్రం రాయచోటిలో మసీదు మెట్లెక్కడానికి మొహం ఉండదని పీరా లెక్క.

అదే రోజు మధ్యానం సాలలో ఫోన్ మోగింది. జాబ్రియా నుంచి ఆసియా బీ. కఫీల్ తల్లి దగ్గర పనిచేస్తాది, ఆ ముసలామెను మామా అని పిలుస్తాది. పీరాకు వాళ్ల ఊరి ఖాలా, పిన్నమ్మ వరస.

"రే పీరా, మామా అన్నం ముట్టలేదురా. గుర్రం ఏమాయెనని ఒకటే అడగడం. బతికుందా?"

"బతికే ఉండాది ఖాలా. గురువారం మీ ఇంటికి వస్తాది."

"ఎట్ల వస్తాదిరా? దారిపొడుగునా మిలిటరీ."

"నడుచుకుంటానే వస్తాది ఖాలా. బస్సుల్లేవు కదా."

ఫోన్ పెట్టేసి పీరా నేరుగా పరదాల గోడౌనుకు పోయినాడు. అప్పటికి ఉపాయం తయారైపోయింది.

"అన్నా, గురువారం మనకందరికీ టూరు. పొద్దున పరశురామన్న వైన్ రుచి చూసేది, మధ్యానం గుర్రాల షో, సాయంత్రానికి ఇంటికి. టికెట్టు లేదు."

పరశురాం తాపీ మేస్త్రీ. నలభై దాటినాయి, ముగ్గురు ఆడపిల్లలు. జమియా అంగట్లో దొరికే ద్రాక్షరసం డబ్బాలు తెచ్చి, చక్కెర, రొట్టెల ఈస్టు కలిపి మంచం కింద మూడు క్యాన్లలో వైన్ పెట్టినాడు. ఒకటి నల్ల ద్రాక్ష, ఒకటి కిస్‌మిస్, ఒకటి ఖర్జూరం. వాటిని పెద్దది, నడిపిది, చిన్నది అని పిలిచేవాడు. రోజూ మూత తీసి వాసన చూసి, కూతుర్ల చదువు అడిగినట్టు తల ఊపేవాడు.

"లడాయి నడుస్తుంటె గుర్రాల షో ఏందిర తమ్మీ?" అన్నాడు.

"లడాయి ఉంది కాబట్టే మనకు తీరిక అన్నా. మామూలప్పుడైతే శుక్రవారం కూడా పని చేయిస్తారు."

"ఎవలు పెడుతున్నరు షో?"

"పెద్దోళ్లు."

"ఎన్ని గుర్రాలు?"

"ఒకటే. అయినా ఒకటి చూస్తే వంద చూసినట్టు."

లింగం మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "వైన్ తాగుడు పక్కా గదా?"

"గుండె మీద చెయ్యి పెట్టి చెప్తాండా కదా లింగన్నా. మూడు రకాలు. కొంచెం కొంచెం తాగి, నాలిక మీద తిప్పి, ఏది మేలో చెప్పల్ల. లండన్‌లో మా కఫీల్ ఇదే పనిమీద ఉండాడు."

నెలన్నర నుంచి నాలుగ్గోడల మధ్య ఉన్న మనుషులు. శ్మశానానికి టూరన్నా వచ్చేటట్టున్నారు. అందరూ సరేనన్నారు. పోతాపోతా పీరా పరదాల కుచ్చులు, బంగారు రంగు జాలరు ఒక చుట్ట చంకన పెట్టుకున్నాడు.

"అరేయ్, కంపెనీ మాల్ గది," అన్నాడు పరశురాం.

"కంపెనీ యాడుందో చూపించన్నా, పోయి అడిగొస్తా."

గురువారం పొద్దున అందరూ తలకు నూనె పెట్టుకుని, ఉన్నదాంట్లో మంచి చొక్కాలేసుకుని, మూడు క్యాన్లు మోసుకుని సాలకు వచ్చినారు. లోపల చూసి నిలబడిపోయినారు. గజాలా కాళ్లకు మోకాళ్ల దాకా గోరింటాకు పండి ఎర్రగా ఉండాది. తోకకూ గోరింటాకే. మొహం మీద బంగారు జాలరు, మెడలో పరదాల కుచ్చులు, వీపు మీద ఎర్ర మఖ్మల్ పరదా. రాయచోటిలో షాదీ గుర్రం అచ్చం ఇట్లనే ఉంటాది.

"షో యాడ?" అన్నాడు లింగం.

"మనమే," అన్నాడు పీరా. "పరశురామన్న పెండ్లికొడుకు. నువ్వు వాయిద్యం. వీళ్లంతా పెండ్లోళ్లు. జాబ్రియా దాకా ఊరేగింపు. హిందీవాళ్లను, అంటే మన ఇండియావాళ్లను, మిలిటరీ పెద్దగా ఆపడంలేదు, పెండ్లంటే అసలే ఆపరు. రేపు గుర్రాన్ని ఎత్తుకపోతారన్నా. అది నాకు అప్పజెప్పినారు."

ఈ చివరి మాటలు పీరా ఎప్పటి మాదిరే చెప్పినాడు, కానీ ఈసారి ఎవరూ నవ్వలేదు. పరశురాం గుర్రాన్ని ఒకసారి, పీరాను ఒకసారి చూసినాడు.

"మా ఇంటిదానికి తెలిస్తె నన్ను నిలువునా పాతరేస్తది," అన్నాడు. "తలపాగ ఏది?"

"వైన్?" అన్నాడు లింగం.

"దారిలో అన్నా. ఊరేగింపులో తాగితేనే రుచి."

బయల్దేరినారు. ముందర కళ్లెం పట్టుకుని పీరా, గుర్రం మీద పరదా గుడ్డ తలపాగాతో, కండ్లు గట్టిగా మూసుకుని పరశురాం. వెనకాల ఖాళీ నెయ్యి డబ్బా వాయిస్తా లింగం, ఆ వెనక క్యాన్లు మోస్తా పెండ్లోళ్లు. ఎండకు తారు మెత్తబడి చెప్పులు అంటుకుంటా ఉండాయి. మొదటి చెక్‌పోస్టు దగ్గర సిపాయి "హిందీ?" అని అరిచి, పీరా తల ఊపితే నవ్వి చెయ్యి ఊపినాడు. పరశురాం ఒక కన్ను తెరిచినాడు.

రెండోది జాబ్రియా ముందర వంతెన కింద. అక్కడ ఇసుక బస్తాల నీడలో ఒక అధికారి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సన్న మీసం. వీళ్లను చూసి లేచినాడు. పెండ్లికొడుకును చూడలేదు, పెండ్లోళ్లను చూడలేదు. గుర్రం చుట్టూ ఒకసారి తిరిగినాడు. మొహం మీది జాలరు వేలితో ఎత్తి చూసినాడు.

"ఇది అసీల్," అన్నాడు. శుద్ధమైన జాతిది అని. "ఎవరిది?"

అరబ్బు కంట్లో పడకుండా గుర్రాన్ని దాచాలంటే జాలరు చాలదని పీరాకు అప్పుడు తెలిసింది. రాయచోటిలో జాలరు కడితే గాడిద కూడా గుర్రమే.

"బాడుగ గుర్రం సార్," అన్నాడు పీరా. "పెండ్లిండ్లకు ఆడేది."

గుర్రం మీద పరశురాం పెదాలు కదుల్తా ఉండాయి. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకుంటా ఉండాడు.

అధికారి క్యాన్ల వైపు చూసినాడు. "అందులో?"

"షర్బత్ సార్. పెండ్లి షర్బత్."

అధికారి మూత తీసి వాసన చూసినాడు. సిపాయి చేత గ్లాసు తెప్పించినాడు. పెద్దది నోట్లో పోసుకుని మొహం ముడుచుకున్నాడు. నడిపిది తాగి ఆకాశం వైపు చూసినాడు, అక్కడ ఎవరైనా పిలిచినారేమో అన్నట్టు. చిన్నది, ఖర్జూరంది, కొంచెం తాగి, నాలిక మీద తిప్పి, ఇంకో గ్లాసు పోయించుకున్నాడు. "ఇది ఎవరు చేసినారు?" అని అడిగినాడు. గుర్రం మీంచి పరశురాం ఒక వేలెత్తినాడు. అధికారి ఆయనకు సలాం కొట్టినాడు. ఆ తర్వాత సిపాయిలు మూడు క్యాన్లనూ ఇసుక బస్తాల నీడలోకి మోసుకుపోయినారు.

"మస్తు రుచి చూస్తిమి," అన్నాడు లింగం, పండ్లు బిగబట్టుకుని.

"పెండ్లికొడుకు నడిచి పోవచ్చు," అన్నాడు అధికారి. "గుర్రం ఇక్కడే ఉంటాది."

పీరా కళ్లెం వదల్లేదు. వాళ్ల నాయనకు నలభై గుర్రాలు లేవు. ఒక్కటుండేది. రాయచోటిలో ఏ కులమోళ్ల పెండ్లయినా పెండ్లికొడుకును దాని మీదెక్కించి, కళ్లెం పట్టుకుని, వీధి మలుపుల్లో నాలుగు కాళ్లమీదా ఆడించేవాడు. ఆ విద్య పీరాకు చేతుల్లో ఉండాది. చలికాలంలో కఫీల్ ఊర్లో లేనప్పుడు, వట్టి కొంటెతనానికి, బక్కెట్టు మీద దరువేసి గజాలాకు అదే ఆట నేర్పినాడు. కఫీల్‌కు తెలిస్తే చర్మం వలిచేవాడు. అందుకని ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు. పీరా చెప్పని మాట అదొక్కటే.

"సార్, అసీల్ గుర్రం పెండ్లిలో ఆడతాదా?" అన్నాడు.

"చస్తే ఆడదు."

"ఇది ఆడతాది."

అధికారి గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. "ఆడించు."

లింగం డబ్బా అందుకున్నాడు. వాళ్ల ఊరి దప్పు దెబ్బ, పిడుగు పడినట్టు వేసినాడు. గజాలా చెవులు వెనక్కి పెట్టి రాయి మాదిరి నిలబడింది. అధికారి మీసం ఒక పక్కకు లేచింది.

"ఆ దెబ్బ కాదు లింగన్నా. మాది వేరే."

"మీది నాకేమెరుక?"

"ఇను." పీరా నాలికతో దరువు చెప్పినాడు, రెండు పొడుగు, మూడు పొట్టి, మధ్యలో ఒక ఆగుడు. లింగం తల వంచి విన్నాడు. వేళ్లతో ఒకసారి తప్పినాడు. ఇంకోసారి తప్పినాడు. పీరా చొక్కా వీపుకు అంటుకుపోయింది. మూడోసారి ఆ ఆగుడు దగ్గర లింగం చెయ్యి సరిగ్గా ఆగింది.

గజాలా చెవులు ముందుకొచ్చినాయి. ఎర్రటి ముందరికాలు ఒకటి లేచింది, గాల్లో ఆగింది, దిగింది. రెండోది లేచింది. ఆ తర్వాత మెడ విల్లు మాదిరి వంచి, కుచ్చులు ఊగుతా, ఉన్నచోటనే నాలుగు కాళ్లమీదా చిందులేసింది. దాని మీద పరశురాం తలపాగా ఒక పక్క, మొగం ఒక పక్క. సిపాయిలు తుపాకులు భుజానికి తగిలించుకుని చప్పట్లు కొట్టినారు. పెండ్లోళ్లు కూడా దుంకినారు, వాళ్లను ఎవరూ అడక్కపోయినా.

పీరా మాత్రం ఆడలేదు. కళ్లెం రెండు వేళ్లతో పట్టుకుని, వాళ్ల నాయన నిలబడినట్టే, ఛాతీ ముందుకు పెట్టి, ఎవరి వైపూ చూడకుండా నిలబడినాడు. ఊరందరి పెండ్లికొడుకుల్నీ గుర్రమెక్కించి, తను ఎప్పుడూ కిందనే నడిచిన ఆ మనిషి అంత గర్వంగా ఎందుకు నిలబడేవాడో ఆ ఎండలో తెలిసొచ్చింది.

అధికారి మొహం పక్కకు తిప్పుకున్నాడు. గుర్రం పడాల్సిన సిగ్గు ఆయన పడినాడు.

"చాలు. మా తాత ఇది చూసుంటే కండ్లు పీక్కునేవాడు," అన్నాడు. "అసీల్ కాదు, ఏం కాదు. తీసుకపో. యల్లా."

వంతెన దాటినాక పరశురాం గుర్రం మీంచి కిందికి వంగినాడు. "తమ్మీ, ఇప్పుడు దిగొచ్చా?"

"పెండ్లికొడుకు మధ్యలో దిగితే అరిష్టం అన్నా."

జాబ్రియాలో ఇంటి గేటు ఆసియా బీ తెరిచింది. గుర్రం కాళ్లు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరూ లోపలికి రాగానే గేటు వేసేసింది. మామా కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. గజాలా నొసలు మీద చెయ్యి పెట్టింది. తర్వాత జాలరు చూసింది, కుచ్చులు చూసింది, గోరింటాకు చూసింది.

"ఏం చేసినావు నా గుర్రాన్ని?"

పీరా అబద్ధం వెతుక్కోలేదు. వంతెన కింద జరిగిందంతా, చలికాలం బక్కెట్టు సంగతితో సహా, ఉన్నదున్నట్టు చెప్పినాడు. చెప్పడం అయిపోయినాక తల వంచి నిలబడినాడు. ఏడు తరాల పేర్లున్న గుర్రాన్ని బజార్లో ఆడించిన పాపానికి ఆ కర్ర వీపు మీద పడుతుందనే అనుకున్నాడు.

మామా ఆసియా బీ వైపు తిరిగింది. "కుర్చీ తెచ్చి నీడలో వెయ్యి. వీళ్లకు అన్నం వండు, నాకు కూడా."

కుర్చీలో కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, గోడ అవతల వీధిలో సిపాయిలున్నారని చేత్తో సైగ చేసింది. తర్వాత లింగం డబ్బా వైపు చూపించి, రెండు వేళ్లు ఎత్తి, మెల్లగా అన్నట్టు కదిలించింది.

లింగం డబ్బాను పొట్టకు ఆనించుకుని, వేళ్ల కొనలతో, పక్కింటికి వినపడనంత మెల్లగా దరువేసినాడు. రెండు పొడుగు, మూడు పొట్టి. గజాలా కాలెత్తింది. మామా నల్ల అబాయా ముసుగు లోపల చప్పుడు లేకుండా చప్పట్లు కొట్టింది.

"ఇంకోసారి," అంది.