వలదారపు ముడులు

అబ్రహాము మేకుకు తాడు బిగించి, వంగి సున్నం పోసుకుంటూ వెనక్కి నడుస్తున్నాడు. గుడివాడ కాలేజీ గ్రౌండులో ఇరవై రెండేళ్లుగా కబడ్డీ కోర్టుకు గీతలు గీసేదీ, ఆటగాళ్ల కాళ్లకు నూనె మర్దనా చేసేదీ అతనే. కొలతటేపు తెగిపోయాక, పాలకాయతిప్ప నుంచి వచ్చి చదువుకుంటున్న శ్రీను వలదారం పేని ఈ తాడు చేసిచ్చాడు. గీత మళ్లాల్సిన చోటల్లా ఒక ముడి.

గీతలు అయ్యాయి. తాడు చుట్ట చుట్టి బెంచీ మీద పెట్టాడు.

ఇవాళ జిల్లా జట్టు ఎంపిక. పేరొస్తే శ్రీనుకు స్పోర్ట్సు కోటాలో పోలీసు ఉద్యోగం. రాకపోతే తండ్రి పున్నారావుతో సముద్రం మీద వేట.

"చేపల కంపేంట్రా?" శ్రీను రాగానే తోటి ఆటగాడు బంగార్రాజు ముక్కు మూసుకున్నాడు. అది పాత వెక్కిరింత, శ్రీను నవ్వేసేవాడు. ఇవాళ దానికి తోక తగిలింది. "కొత్త పెళ్లికూతురొచ్చింది, చోటివ్వండ్రా!"

మొన్న సామాన్ల గదిలో శ్రీనూ, కాలేజీ మేష్టారి కొడుకు నాగసాయీ ముద్దు పెట్టుకోవడం ఎవరో చూశారు. చూసింది ఇద్దర్నీ. మాట పడింది ఒక్కడి మీదే. "పల్లెకారోడే పాడుచేశాడు మేష్టారబ్బాయిని" అన్నారు. నెల కిందటే అబ్రహాము కూడా చూశాడు. ఎవరూ ఎవర్నీ పాడుచేసినట్టు అనిపించలేదు. చప్పుడు కాకుండా తలుపు మూసి వచ్చేశాడు.

శ్రీను బెంచీ మీద కూర్చుని కాలు చాపాడు. "మావయ్యా, మడమ లాగుతోంది."

అబ్రహాము అరచేతిలో నూనె పోసుకున్నాడు.

"జాగ్రత్త మావయ్యో, అంటుకుంటది!" అన్నాడు బంగార్రాజు. అందరూ నవ్వారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మాలపల్లి చేతి నూనె వద్దని ముడుచుకున్న కాళ్లు అబ్రహాముకు గుర్తొచ్చాయి. అయినా చెయ్యి ముందుకు సాగలేదు.

"నువ్వే రాసుకో బాబూ. గీతలు మిగిలాయి."

శ్రీను తెల్లగా మెరుస్తున్న కోర్టు వంక చూశాడు. చాపిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఆట మొదలైంది. కూతకొచ్చినవాణ్ణి పట్టాలంటే పక్కవాడి చెయ్యి పట్టుకుని గొలుసు కట్టాలి. శ్రీను చెయ్యి చాపాడు. పక్కన నాగసాయి. అతని చెయ్యి సగం దాకా వచ్చింది. బంగార్రాజు దగ్గాడు. చెయ్యి వెనక్కి పోయింది. ఆ సందులోంచే కూతగాడు దూరి ముగ్గుర్ని ముట్టి వెళ్లాడు. మళ్లీ అంతే. మళ్లీ అంతే.

కోచ్ గోవర్ధనరావు జాబితా చదివాడు. నాగసాయి పేరుంది.

శ్రీను సంచీ భుజాన వేసుకున్నాడు. "అవనిగడ్డ బస్సుకి టైమైంది మావయ్యా. ఆ తాడు ఎండలో వదిలెయ్యకు, చివికిపోద్ది."

గేటు దాకా శ్రీను కుంటుతూనే వెళ్లాడు.

తాడు తీసి లోపల పెడదామనుకున్నాడు అబ్రహాము. అరచేతిలో నూనె జిడ్డు ఇంకా పోలేదు. బెంచీ మీద, సున్నం అంటిన ముడులతో, తాడు ఎండలోనే ఉంది.